బాస్ చేపకు గాలం: లైన్ ఎక్కించడం నుంచి చేపను వదిలేదాకా పూర్తి మార్గదర్శి

"ఏ లూర్ కొనమంటారు?" బాస్ అనే మంచినీటి చేపను గాలంతో పట్టడం (బాస్ ఫిషింగ్) కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇదే. లూర్, అంటే చేపను ఊరించే కృత్రిమ ఎర, ముఖ్యమే. కానీ దగ్గరదాకా వచ్చిన చేప తప్పిపోయిందంటే చాలాసార్లు తప్పు లూర్‌ది కాదు. ముడి జారి ఉంటుంది, డ్రాగ్ (చేప లాగితే రీల్ లైన్ వదిలే ఏర్పాటు) మరీ బిగిసి ఉంటుంది, లేదా లైన్ (గాలపు దారం) వదులుగా ఉన్నప్పుడే రాడ్ (గాలపు కర్ర) ఎత్తేసి ఉంటారు. అందుకే ఇక్కడ లూర్ల గురించి తక్కువ, లైన్ గురించి ఎక్కువ చెప్తున్నాను.

ఇదంతా ప్రధానంగా లార్జ్‌మౌత్ బాస్ కోసం. స్మాల్‌మౌత్‌కీ చాలావరకు పనికొస్తుంది. రెండింటికీ తేడా నోటి దగ్గర తెలుస్తుంది. నోరు మూసినప్పుడు పైదవడ చివర కన్ను దాటి వెనక్కి వెళ్తే లార్జ్‌మౌత్, కన్ను దాటకపోతే స్మాల్‌మౌత్.

1. బయల్దేరే ముందు

మీరు వెళ్లే నీటికి లైసెన్స్ కావాలా, ఏ నెలల్లో బాస్ పట్టకూడదు, ఎంత పొడవు చేపను ఉంచుకోవచ్చు, రోజుకు ఎన్ని అనేవి ముందు చూసుకోండి. ఒకే ప్రాంతంలో ఒక చెరువుకీ పక్క చెరువుకీ నియమాలు వేరుగా ఉండొచ్చు. ఇంకో మాట: ఒక నీటిలో పట్టిన బాస్‌ను వేరే నీటిలో వదలకండి. ఇది దొరికిందల్లా తినే వేటచేప. కొత్త చోట చేరితే అక్కడి చిన్న చేపల పని అయిపోతుంది.

సంచిలో ఉండాల్సినవి:

- పొడవు ముక్కు పట్టకారు
- లైన్ కత్తిరించే చిన్న కత్తెర
- పోలరైజ్డ్ కళ్లద్దాలు, టోపీ
- ముడులు లేని రబ్బరు జాలీ వల
- హుక్కులు, సింకర్లు (లూర్‌ను ముంచే బరువులు) వేసుకున్న చిన్న పెట్టె
- నీళ్లు, ప్రథమ చికిత్స సామాను

కళ్లద్దాలు సోకు కోసం కాదు. నీటి మీద మెరుపును తగ్గిస్తాయి కాబట్టి అడుగున నాచు ఎక్కడ మొదలైందో, మునిగిన కొమ్మ ఎక్కడుందో కనబడుతుంది. చిక్కుకున్న లూర్ లాగితే ఊడి నేరుగా ముఖం మీదికే వస్తుంది. అప్పుడు కంటికి అడ్డం ఉండేదీ అవే.

2. రాడ్, రీల్: ఒక్క సెట్టుతో మొదలుపెట్టండి

మొదటి సెట్టుగా స్పిన్నింగ్ తీసుకోండి, అంటే రాడ్ కింద వేలాడుతూ, విసిరేటప్పుడు స్పూల్ (లైన్ చుట్టుకునే చక్రం) తిరగని రీల్. రాడ్ పొడవు ఆరున్నర నుంచి ఏడు అడుగులు, పవర్ మీడియం, యాక్షన్ ఫాస్ట్. పవర్ అంటే రాడ్ వంగడానికి ఎంత బలం కావాలో చెప్పేది. యాక్షన్ అంటే రాడ్ ఎక్కడ వంగుతుందో చెప్పేది. ఫాస్ట్ రాడ్ కొన దగ్గరే వంగి, కింది భాగం గట్టిగా నిలుస్తుంది. చేప దవడలోకి హుక్ దింపడానికి ఆ గట్టిదనం కావాలి. రీల్ 2500 లేదా 3000 సైజు అయితే సరిపోతుంది.

రాడ్ మీద, హ్యాండిల్‌కి కాస్త పైన, ఎంత బరువు లూర్‌కి, ఎంత బలం లైన్‌కి పనికొస్తుందో రాసి ఉంటుంది. ఆ హద్దులు పట్టించుకోండి. బరువు తక్కువైతే లూర్ దూరం పోదు, ఎక్కువైతే రాడ్ కొన విరగొచ్చు.

బెయిట్‌కాస్టర్ (రాడ్ పైన కూర్చుని, విసిరేటప్పుడు స్పూల్ తిరిగే రీల్) రెండో సెట్టుగా కొనుక్కోండి. ఏడడుగుల మీడియం హెవీ రాడ్ మీద పెడితే నాచులో, కొమ్మల్లో దాక్కున్న చేపను బయటికి లాగే బలం వస్తుంది. మొదటి రోజే అది పట్టుకుంటే మాత్రం రోజంతా చిక్కులు విప్పుకోవడానికే సరిపోతుంది. దాన్ని అదుపు చేయడం గురించి పదో భాగంలో ఉంది.

3. లైన్ ఎంచుకోవడం, ఎక్కించడం

మూడు రకాలున్నాయి. మోనో (ఒకే పోగు నైలాన్ లైన్) బాగా సాగుతుంది, ముడి తేలిగ్గా పడుతుంది, అంత త్వరగా మునగదు. పైన తేలే లూర్లకు మంచిది. ఫ్లోరోకార్బన్ మునుగుతుంది, నీటిలో తక్కువ కనిపిస్తుంది, రాపిడిని బాగా తట్టుకుంటుంది. బ్రెయిడ్ (సన్నటి పోగులతో అల్లిన లైన్) దాదాపు సాగదు, సన్నగా ఉండి చాలా బలం ఇస్తుంది, కానీ తేట నీటిలో బాగా కనిపిస్తుంది.

నా సలహా: స్పిన్నింగ్ రీల్ మీద 10 నుంచి 15 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ వేసి, చివర 8 లేదా 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ముక్కను లీడర్‌గా కలపండి. లీడర్ రెండు మూడు అడుగులుంటే చాలు. రెండింటినీ కలపడానికి డబుల్ యూని ముడి నేర్చుకోండి. ఇదంతా వద్దనుకుంటే 8 పౌండ్ల మోనో ఒక్కటే ఎక్కించండి, మొదటి సీజన్‌కి ఏ లోటూ ఉండదు.

ఎక్కించే క్రమం:

1. లైన్‌ను రాడ్‌కి ఉన్న అడుగు రింగులోంచి దూర్చండి.
2. రీల్ మీద బెయిల్ తీగను (లైన్‌ను స్పూల్ మీదికి నడిపే వంపు తీగ) ముందు తెరవండి. ఇది మర్చిపోయి ముడి వేస్తే లైన్ బెయిల్‌లోకి రాదు, మళ్లీ మొదటికి రావాలి.
3. స్పూల్‌కి ముడి వేసి, బెయిల్ మూయండి. బ్రెయిడ్ అయితే స్పూల్ మీద ముందు కొంచెం మోనో చుట్టి దాని మీద ఎక్కించండి. నున్నటి స్పూల్ మీద బ్రెయిడ్ మొత్తం జారి తిరుగుతుంది.
4. కొత్త లైన్ చుట్టను నేల మీద లేబుల్ పైకి వచ్చేలా పెట్టండి.
5. రీల్‌కి ముందు లైన్‌ను రెండు వేళ్ల మధ్య తడిగుడ్డతో పట్టుకుని, బిగువుగా చుట్టండి.
6. పదిహేను ఇరవై చుట్లయ్యాక ఆపి లైన్‌ను వదులు చేయండి. మెలికలు తిరుగుతుంటే చుట్టను తిరగేసి పెట్టి కొనసాగించండి.
7. స్పూల్ అంచుకు సుమారు 3 మిల్లీమీటర్లు తక్కువ ఉండగా ఆపేయండి.

ఆ చివరి మాట అందరూ దాటేస్తారు. అంచుదాకా నింపితే లైన్ ఒక్కసారిగా ఉంగరాలుగా ఊడి వచ్చి చిక్కు పడుతుంది. మరీ తక్కువ నింపితే లైన్ అంచుకు రాసుకుని లూర్ దూరం పోదు.

4. ముడి: ఇక్కడ తొందరపడొద్దు

ఒకే ముడి నేర్చుకుంటానంటే పాలొమార్ నేర్చుకోండి. మోనో, ఫ్లోరోకార్బన్, బ్రెయిడ్ మూడింటికీ పనికొస్తుంది.

1. లైన్ కొసను 15 సెంటీమీటర్లు రెండు పేటలుగా మడిచి, ఆ మడతను హుక్ బెజ్జంలోంచి దూర్చండి.
2. ఆ రెండు పేటలతో కలిపి ఒక మామూలు ముడి వదులుగా వేయండి. హుక్ కింద వేలాడుతూ ఉండాలి.
3. మడత ఉచ్చును పెద్దది చేసి హుక్ మొత్తాన్ని అందులోంచి దాటించండి.
4. ముడిని ఉమ్మితోనో నీటితోనో తడపండి.
5. అసలు లైన్‌నూ కొసనూ కలిపి పట్టుకుని, నెమ్మదిగా, ఆగకుండా లాగి బిగించండి.
6. కొసను 3 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి.

రెండో అంచెలో పేటలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన ఉండాలి. ఎక్కితే బిగించేటప్పుడు ఒక పేట రెండోదాన్ని కోస్తుంది. ఇక తడపకుండా లాగితే రాపిడికి వేడెక్కి లైన్ అక్కడే బలం కోల్పోతుంది, ముఖ్యంగా ఫ్లోరోకార్బన్. పైకి చూస్తే ముడి బాగానే కనిపిస్తుంది. కాస్త పెద్ద చేప పడగానే పుటుక్కుమంటుంది.

ముడి వేశాక హుక్‌ను పట్టకారుతో పట్టుకుని లైన్‌ను గట్టిగా లాగి చూడండి. తెగాల్సిందైతే ఒడ్డునే తెగనివ్వండి.

చేప తెంచుకుపోతే లైన్ కొసను వేళ్ల మధ్య పెట్టి జాగ్రత్తగా చూడండి. కారణం అక్కడే కనిపిస్తుంది:

- కొస పందితోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది. సరిగా బిగించలేదు, లేదా కొస మరీ పొట్టిగా కత్తిరించారు.
- కొస నున్నగా, ముడి దగ్గరే తెగితే ముడి వేడికి దెబ్బతింది, లేదా పేట మీద పేట ఎక్కింది.
- కొస గరుకుగా, తెల్లగా, పీచు లేచినట్టుంటే రాయికో కొమ్మకో ఒరుసుకుని తెగింది. ముడి తప్పేం లేదు.

మూడోది జరగకుండా ఉండాలంటే చేపను తీసిన ప్రతిసారీ, చిక్కుకుని వదిలించుకున్న ప్రతిసారీ చివరి రెండు మూడు అడుగులను బొటనవేలి గోటి మీదుగా జార్చండి. ఎక్కడైనా గరుగ్గా తగిలితే అంతవరకు కత్తిరించి మళ్లీ ముడి వేయండి. రెండు నిమిషాల పని. చేపలు బాగా పడుతున్నప్పుడే ఈ పని చేయబుద్ధి కాదు. లైన్ ఎక్కువగా అరిగేదీ అప్పుడే.

5. డ్రాగ్ సరిచేయడం

చేప గట్టిగా లాగినప్పుడు లైన్ తెగకుండా రీల్ కొంచెం కొంచెం లైన్ వదిలే ఏర్పాటే డ్రాగ్. లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతుకు కాస్త తక్కువ బలానికి అది కదలాలి. 10 పౌండ్ల లైన్ అయితే రెండున్నర నుంచి మూడు పౌండ్ల లాగుడుకు. బ్రెయిడ్, లీడర్ కలిపి వాడుతుంటే రెండింట్లో తక్కువ బలమున్న దాన్ని లెక్కలోకి తీసుకోండి.

చిన్న తూకపు కొక్కెం ఉంటే లైన్ కొసను దానికి కట్టి, రాడ్‌ను ఏటవాలుగా ఎత్తి లాగితే కచ్చితంగా తెలుస్తుంది. తూకం లేకపోతే చేత్తో లాగి చూడండి. లైన్ కుదుపుల్లేకుండా, ఒకే ధారగా రావాలి. మొదట బిగుసుకుని తర్వాత ఒక్కసారిగా వదిలితే ఆ రీల్ డ్రాగ్ శుభ్రం చేయాలి.

డ్రాగ్‌ను ఇంటి దగ్గరే పెట్టుకుని వెళ్లండి. చేప లైన్ మీద ఉన్నప్పుడు కంగారులో నాబ్ తిప్పడం వల్ల పోయిన చేపలు బోలెడు.

6. లూర్లు: ఈ నాలుగూ చాలు

- 5 అంగుళాల మెత్తటి స్టిక్ వార్మ్, అంటే పుల్లలా తిన్నగా ఉండే ప్లాస్టిక్ వానపాము. బరువు లేకుండా వేస్తే నెమ్మదిగా, రెండు కొసలూ వణుకుతూ దిగుతుంది. కొత్తవాళ్లకు మొదటి బాస్ పడే అవకాశం దీనితోనే ఎక్కువ.
- టెక్సస్ రిగ్‌లో (ఎలా కట్టాలో ఏడో భాగంలో ఉంది) మెత్తటి వార్మ్ లేదా క్రా (క్రేఫిష్ ఆకారపు ఎర). నాచు, కొమ్మల మధ్య వేయడానికి.
- 10 గ్రాముల స్పిన్నర్‌బెయిట్ (తిరిగే లోహపు రేకులున్న లూర్). గాలి వీస్తున్నప్పుడు, నీరు కలకగా ఉన్నప్పుడు చకచకా ఎక్కువ చోట్లు వెతకడానికి.
- పాపర్ (నీటి మీద తేలుతూ చప్పుడు చేసే లూర్). తెల్లవారుజామున, సాయంత్రం, నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు.

రంగుల గురించి తల బద్దలు కొట్టుకోకండి. తేట నీటికి గ్రీన్ పంప్‌కిన్ లాంటి సహజ రంగు, బురద నీటికి నలుపు నీలం కలిసినది. ఈ రెండింటితో ఏళ్ల తరబడి పట్టొచ్చు.

7. టెక్సస్ రిగ్ కట్టడం

ఈ రిగ్‌లో హుక్ మొన ప్లాస్టిక్ లోపల దాగి ఉంటుంది. అందుకే అన్నీ చిక్కుకునే చోట ఇది చిక్కుకోదు. 5 అంగుళాల వార్మ్‌కి 3/0 సైజు ఆఫ్‌సెట్ హుక్ (బెజ్జం దగ్గర మెలిక ఉన్నది), 5 నుంచి 10 గ్రాముల బుల్లెట్ సింకర్ (తూటా ఆకారపు బరువు) తీసుకోండి.

1. ముందు సింకర్‌ను లైన్‌లోకి ఎక్కించండి. సన్నటి వైపు రాడ్ వైపుకు ఉండాలి.
2. తర్వాత హుక్ ముడి వేయండి. చాలామంది హుక్ కట్టేశాక సింకర్ గుర్తొచ్చి మళ్లీ కత్తిరిస్తారు.
3. వార్మ్ ముక్కు మధ్యలోకి హుక్ మొనను అరసెంటీమీటరు కాస్త దాటేలా గుచ్చి, పక్క నుంచి బయటికి తీయండి.
4. హుక్‌ను బెజ్జందాకా లోపలికి లాగి, మొన వార్మ్ వైపు తిరిగేలా అర చుట్టు తిప్పండి.
5. హుక్‌ను వార్మ్ పక్కన వేలాడనిచ్చి, వంపు ఎక్కడ తగులుతుందో గోటితో గుర్తు పెట్టండి.
6. ఆ గుర్తు దగ్గర వార్మ్‌ను కొద్దిగా పైకి నెట్టి, మొనను నిటారుగా దూర్చి అవతలికి తీయండి.
7. మొన కొసను వార్మ్ పై పొరలోకి కాస్త గుచ్చి దాచండి.

ఇప్పుడు లైన్ పట్టుకుని వేలాడదీసి చూడండి. వార్మ్ తిన్నగా ఉండాలి. ఉబ్బినా, వంకర తిరిగినా ఆరో అంచెలో చోటు తప్పింది. వంకర వార్మ్ నీళ్లలో గిర్రున తిరుగుతుంది, లైన్ మెలిపడుతుంది, చేప దాని జోలికి రాదు. ఆ ఒక్కటీ తీసి మళ్లీ గుచ్చండి. రంధ్రం సాగిపోయి జారుతుంటే ముక్కు కొంచెం కత్తిరించి కొత్తగా గుచ్చితే సరి.

దట్టమైన నాచులో సింకర్ ఒకచోట, వార్మ్ ఒకచోట పడకుండా సింకర్‌ను రబ్బరు బిరడాతో హుక్ దగ్గరే ఆపండి. ఖాళీ నీటిలో ఆపక్కర్లేదు.

8. చేప ఎక్కడుంటుంది

బాస్ ఊరికే నడి చెరువులో తిరుగుతూ ఉండటం తక్కువ. ఆనుకోవడానికి ఏదో ఒకటి కావాలి దానికి: పడిపోయిన చెట్టు, పడవలు కట్టే చెక్క వంతెన నీడ, తామరాకుల అంచు, రాళ్ల గుట్ట, లోతు మారే చోటు. రెండు కలిసిన చోటు ఇంకా మంచిది. నాచు అంచు మీదే ఒక మొద్దు పడి ఉంటే ముందు అక్కడికి వెళ్లండి.

కాలం కంటే నీటి వేడిని చూడండి. నీరు 13 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే బాస్ లోతు నుంచి ఒడ్డు వైపు కదలడం మొదలవుతుంది. సుమారు 16 నుంచి 24 డిగ్రీల మధ్య గుడ్లు పెడుతుంది. అప్పుడు లోతు తక్కువ చోట, గట్టి అడుగు మీద తేటగా కనిపించే గుండ్రటి గూళ్లుంటాయి. వాటికి మగచేప కాపలా కాస్తుంది. దాన్ని పట్టి దూరం తీసుకెళ్తే చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. అందుకే గూడు మీదున్న చేపను వదిలేయమంటాను, నియమం ఒప్పుకున్నా సరే.

ఎండాకాలం మధ్యాహ్నం నీడ, లోతు, దట్టమైన నాచు అడుగు వెతకండి. పొద్దున, సాయంత్రం మళ్లీ ఒడ్డు దగ్గరికి వస్తాయి. నీరు చల్లబడే కొద్దీ చిన్న చేపల గుంపుల వెంట పడతాయి. నీటి మీద చిన్న చేపలు చెదిరి ఎగురుతుంటే అటే వేయండి. బాగా చలిలో లోతుకు వెళ్లి మందకొడిగా ఉంటాయి. లూర్‌ను ఎంత నెమ్మదిగా కదిపితే అంత మంచిది.

గాలి కొడుతున్న ఒడ్డును వదులుకోకండి. గాలికి నీటిలో తేలే సూక్ష్మజీవులు, వాటి వెంట చిన్న చేపలు అటు చేరతాయి. విసరడం కష్టమే, కానీ చేప అక్కడే ఉంటుంది.

9. విసరడం, కదపడం, కాటు పసిగట్టడం

నడుచుకుంటూ నీటి అంచుదాకా వెళ్లిపోకండి. మొదటి చేప మీ కాళ్ల ముందే ఉండొచ్చు. నాలుగడుగుల వెనక నిలబడి, ముందు ఒడ్డు వెంబడి, తర్వాత విసనకర్రలా కొంచెం కొంచెం పక్కకు జరుపుతూ వేయండి. లూర్‌ను సరిగ్గా మొద్దు మీద కాకుండా దాన్ని దాటించి వేసి, పక్క నుంచి లాక్కురండి.

స్పిన్నింగ్ రీల్‌తో విసిరాక బెయిల్‌ను చేత్తోనే మూయండి, హ్యాండిల్ తిప్పి కాదు. వెంటనే లైన్‌ను ఒకసారి లాగి వదులు తీసేయండి. ఈ రెండూ అలవాటైతే లైన్ చిక్కులు చాలావరకు పోతాయి.

ఇక అసలు విషయం. టెక్సస్ రిగ్ మీద, స్టిక్ వార్మ్ మీద ఎక్కువ కాట్లు లూర్ దిగుతున్నప్పుడే వస్తాయి. అందుకని లూర్ నీటిని తాకిన క్షణం నుంచి లైన్‌ను చూడాలి. పూర్తిగా బిగువుగా పడితే లూర్ మీ వైపుకి ఊగుతూ వచ్చేస్తుంది, మరీ వదిలేస్తే కాటు తెలియదు. కొద్దిపాటి వదులుతో, రాడ్ కొనతో లూర్‌ను వెంబడిస్తూ దింపండి.

మొదటిసారి వేసినప్పుడు అడుగు తాకేదాకా అంకెలు లెక్కపెట్టండి. ఎనిమిదికి తాకింది అనుకుందాం. అదే చోట మళ్లీ వేసినప్పుడు ఐదుకే లైన్ దిగడం ఆగిపోయిందంటే అడుగు పైకి రాలేదు, చేప నోట్లో పెట్టుకుంది.

కాటు గుర్తులు:

- చిటికె వేసినట్టు చేతికి ఒక్క టిక్
- లైన్ పక్కకు నడవడం
- దిగాల్సిన లైన్ ముందే ఆగడం
- సింకర్ బరువు హఠాత్తుగా మాయమవడం, అంటే చేప మీ వైపే వస్తోంది
- తడిగుడ్డ లాగుతున్నట్టు మెత్తటి బరువు

ఇవేవీ తెలియకపోతే రాడ్‌ను తొమ్మిది గంటల దిక్కు నుంచి పదకొండుకు నెమ్మదిగా ఎత్తండి, దింపండి, వదులు చుట్టుకోండి, ఆగండి. అసలు పని ఆ ఆగడంలోనే ఉంది. కొత్తవాళ్లు అక్కడే ఓపిక కోల్పోతారు.

పాపర్ వేస్తే పడ్డ చోట వలయాలు సద్దుమణిగేదాకా కదపకండి. తర్వాత రెండు చిన్న కుదుపులు, మళ్లీ విరామం. స్పిన్నర్‌బెయిట్‌ను మాత్రం కొమ్మకు తగిలేలా తిప్పుకుంటూ రండి. తగిలి పక్కకు తూలినప్పుడే చేప మీద పడుతుంది.

10. బెయిట్‌కాస్టర్‌ను అదుపులో పెట్టడం

లూర్ వేగం తగ్గినా స్పూల్ ఇంకా అదే ఊపులో తిరిగితే లైన్ పిట్టగూడులా చుట్టుకుంటుంది. దాన్ని ఆపే మార్గాలు మూడు: టెన్షన్ నాబ్, బ్రేక్, మీ బొటనవేలు.

1. లూర్ కట్టి రాడ్‌ను ముందుకు చాచి, స్పూల్‌ను వదిలే బటన్ నొక్కండి. లూర్ నెమ్మదిగా దిగి, నేల తాకగానే స్పూల్ ఆగేలా టెన్షన్ నాబ్ తిప్పండి. లూర్ బరువు మారినప్పుడల్లా ఇది మళ్లీ చూడాలి.
2. అయస్కాంత బ్రేక్‌ను పదిలో ఎనిమిది మీద పెట్టి మొదలుపెట్టండి. చెయ్యి కుదిరే కొద్దీ ఒక్కొక్క అంకె తగ్గించండి.
3. 10 గ్రాములకు తగ్గని బరువుతో సాధన చేయండి. తేలిక లూర్లు తర్వాత.
4. విసురు మృదువుగా ఉండాలి. లూర్ నీటిని తాకే ముందు బొటనవేలితో స్పూల్‌ను ఆపండి.

చిక్కు పడితే గుంజకండి. బొటనవేలితో స్పూల్‌ను గట్టిగా అదిమి పట్టి, హ్యాండిల్‌ను రెండు మూడు చుట్లు తిప్పండి. ఇప్పుడు బటన్ నొక్కి లైన్‌ను మెల్లగా బయటికి లాగండి. ఆగితే మళ్లీ అదే చేయండి. చాలా చిక్కులు కత్తెర లేకుండా ఇలాగే విడిపోతాయి. తర్వాత ఆ భాగంలో లైన్ నలిగిందేమో చూడండి. నలిగితే కత్తిరించాల్సిందే.

11. హుక్ దింపడం, లాక్కురావడం

లూర్‌ని బట్టి హుక్ దింపే తీరు మారుతుంది.

టెక్సస్ రిగ్: రాడ్ కొన దించి, వదులు మొత్తం చుట్టి, ఆ తర్వాత గట్టిగా పైకి ఎత్తండి. మొన ముందు ప్లాస్టిక్‌ను, తర్వాత దవడను దాటాలి కాబట్టి బలం కావాలి. వదులు ఉండగా ఎత్తితే ఆ బలమంతా లైన్‌ను సర్దడానికే పోతుంది. బ్రెయిడ్ మీద మాత్రం అంత గుంజక్కర్లేదు, అది సాగదు.

మూడు మొనల హుక్కులున్న లూర్లు: గుంజకండి. చుడుతూనే రాడ్‌ను పక్కకు ఒరిగించండి.

నీటి మీది లూర్లు: చప్పుడు వినగానే చెయ్యి దానంతటదే లేస్తుంది. ఆపుకోండి. లూర్ కనిపించకుండా పోయి, చేతికి బరువు తెలిశాకే ఎత్తండి.

చేప పడ్డాక లైన్ బిగువు ఒక్క క్షణం కూడా తగ్గకూడదు. చేప పైకి ఎగరబోతుంటే లైన్ పైపైకి లేస్తుంది. అప్పుడు రాడ్ కొనను నీటి వైపు దించి చుడుతూ ఉండండి. ఎగిరి తల విదిలించినప్పుడే ఎక్కువ హుక్కులు ఊడతాయి. డ్రాగ్ లైన్ వదులుతుంటే హ్యాండిల్ తిప్పకండి. స్పిన్నింగ్ రీల్‌లో అప్పుడు తిప్పిన ప్రతి చుట్టూ లైన్‌లో ఒక మెలిక అవుతుంది. ఒడ్డు దగ్గరికొచ్చాక చేప ఇంకోసారి తప్పకుండా పరిగెడుతుంది. రాడ్‌ను మరీ నిటారుగా ఎత్తకుండా దానికి సిద్ధంగా ఉండండి.

12. చేతిలోకి తీసుకోవడం, వదలడం

చెయ్యి తడుపుకోండి. పొడి చేతికి చేప ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది, రోగాల నుంచి దాన్ని కాపాడేది అదే. మెత్తటి ఎర వాడినప్పుడు బొటనవేలు చేప కింది దవడ లోపల, చూపుడువేలు బయట పెట్టి పట్టుకోండి. లూర్‌కి మూడు మొనల హుక్కులుంటే వేలు నోటి దగ్గరికి పోనివ్వకుండా వలతోనే ఎత్తండి.

చిన్న చేపను నిలువుగా వేలాడదీసి పట్టుకోవచ్చు. పెద్దదాన్ని దవడ పట్టుకుని అడ్డంగా వంచి ఫోటో దిగకండి, దాని బరువుకు దవడ దెబ్బతింటుంది. రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి. మొప్పల్లో వేళ్లు పెట్టకండి. నీటి బయట మీరు ఊపిరి బిగపట్టగలిగినంత సేపే ఉంచండి. నీరు వెచ్చగా ఉన్న రోజుల్లో ఇంకా తక్కువ.

హుక్ లోతుగా దిగి పట్టకారుకు తేలిగ్గా అందకపోతే గుంజకుండా లైన్‌ను హుక్ దగ్గరగా కత్తిరించి వదలండి. లాగి పేగులు చింపడం కంటే అదే చేపకు మేలు. అసలు అంత లోతుకు దిగకుండా ఉండాలంటే కాటు తెలిసిన వెంటనే హుక్ దింపాలి. బార్బ్‌ను (హుక్ మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు) పట్టకారుతో నొక్కేస్తే తీయడం ఇంకా సులువు. లైన్ బిగువుగా ఉంచేవాళ్లకు బార్బ్ లేకపోయినా చేప పెద్దగా తప్పిపోదు.

వదిలేటప్పుడు విసరకండి. నీటిలో పొట్ట కిందికి ఉండేలా పట్టుకుని, తోక ఊపి తనంతట తాను పోయేదాకా ఆగండి.

హుక్ మీ ఒంట్లోనే బార్బ్ దాటి దిగితే, అందులోనూ కీలు దగ్గరో కంటి దగ్గరో అయితే, సొంతంగా తీయబోకండి. లైన్ కత్తిరించి, హుక్ కదలకుండా ఉంచి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

13. ఎక్కువగా వచ్చే ఇబ్బందులు, సర్దుబాట్లు

- కాటు తెలుస్తోంది, చేప పడటం లేదు: హుక్ మొనను గోటి మీద ఆనించి లాగండి. జారితే మొద్దుబారింది, మార్చండి. జారకపోతే ఎర పొడవు తగ్గించి చూడండి.
- పాపర్ చుట్టూ నీళ్లు చిమ్ముతున్నాయి కానీ చేప తీసుకోవడం లేదు: వెంటనే అదే చోట బరువు లేని స్టిక్ వార్మ్ వేయండి. రెండో రాడ్ ఉంటే ముందే కట్టి పెట్టుకోండి.
- లైన్ ఉంగరాలుగా ఊడి వస్తోంది: స్పూల్ మరీ నిండి ఉంది, లేదా మెలిపడింది. లూర్ తీసేసి, పచ్చిక మీద లైన్ పొడవుగా పరిచి బిగువుగా తిరిగి చుట్టండి.
- ప్రతిసారీ నాచు పట్టుకొస్తోంది: సింకర్ బరువు సగానికి తగ్గించండి.
- లూర్ రాళ్లలో ఇరుక్కుంది: నేరుగా లాగితే ఇంకా బిగుస్తుంది. అవతలి వైపుకి నడిచి, వచ్చిన దారిలోనే వెనక్కి లాగండి.
- గంటసేపు ఏమీ లేదు: లూర్ మార్చే ముందు చోటు మార్చండి, తర్వాత లోతు, తర్వాత వేగం. రంగు అన్నిటికంటే చివర.

14. ఇంటికొచ్చాక

- డ్రాగ్ వదులు చేయండి. బిగించి నెలల తరబడి ఉంచితే లోపలి పలకలు అంటుకుపోతాయి.
- లూర్లను ఆరబెట్టాకే పెట్టెలో మూయండి. తడి హుక్ ఒక్కటి తుప్పు పడితే పక్కనున్నవన్నీ పడతాయి.
- మెత్తటి ప్లాస్టిక్ ఎరలను వాటి సంచుల్లోనే ఉంచండి. గట్టి లూర్లతో కలిపితే కొన్ని కరిగి అంటుకుంటాయి, రంగులూ కలుస్తాయి.
- కత్తిరించిన లైన్ ముక్కలు ఒడ్డున వదలకుండా తెచ్చి చెత్తబుట్టలో వేయండి. పక్షుల కాళ్లకు చుట్టుకుంటే అవి బతకవు.
- బూట్లు, వల, పడవ అడుగు శుభ్రం చేసి పూర్తిగా ఆరనిచ్చాకే ఇంకో చెరువుకు తీసుకెళ్లండి. నాచు తుంపులు, కంటికి కనిపించని జీవులు ఇలాగే ఒక నీటి నుంచి ఇంకో నీటికి పోతాయి.
- లైన్ చివరి పది అడుగులు కత్తిరించి పారేసి, తర్వాతి ముడి ఇంటి దగ్గర మంచి వెలుతురులోనే వేసి పెట్టుకోండి.